దాపటెద్దు మెడ పుండు, మక్కచేను చుట్టూ తీగ

ప్రశ్న: మాది మంచిర్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న పల్లె. ఏట్లోంచి రోజూ పది పన్నెండు ఇసుక బండ్లు ఊళ్లోకి వస్తాయి. ఒక బండికి ఎడమవైపు కట్టే దాపటెద్దు మెడ మీద అరచేయంత పుండు ఉంది. గట్టు ఎక్కలేక ఆగితే ముల్లుకర్రతో పొడుస్తారు, తోక మెలిపెడతారు. బండి ఆయన నాకు వరుసకు మేనమామ. ఒకసారి అడిగితే "చదువుకున్నదానివి, ఎడ్ల సంగతి నీకేం తెలుసు" అన్నాడు. ఇంకో సంగతి. అడవి దిక్కున్న మక్కచేన్లకు రాత్రిపూట కరెంటు తీగలు కడుతున్నారు. పోయిన నెల ఒక చుక్కల దుప్పి చచ్చిందని, కూర పంచుకున్నారని విన్నాను. ఎవరికి చెప్పాలి? చెప్పి ఊళ్లో ఉండగలనా? (ఒక పాఠకురాలు)

జవాబు: మీరు అడిగినవి రెండూ నోరులేని జీవాల సంగతే అయినా వాటికి దారులు వేరు. ఎద్దు విషయంలో మీరు ముందు మాట్లాడాల్సింది మీ మేనమామతోనే. తీగల విషయంలో మాత్రం ఊళ్లో ఒక్కరితో కూడా మాట్లాడకండి, నేరుగా అటవీ శాఖకే చెప్పండి. ఇది తారుమారైతే నష్టం జంతువుకే. మామ మీద మొదటే పోలీసుల దగ్గరికి పోతే ఎద్దు ఆ వారమే సంతకెక్కుతుంది, పుండుతో ఉన్న ఎద్దును కొనేది ఎవరో మీకు తెలియనిది కాదు. తీగ కట్టినవాణ్ణి మొదటే అడిగితే తెల్లారేసరికి తీగ మాయమై, వారం తర్వాత ఇంకో గట్టు మీద తేలుతుంది.

ముందు ఎద్దు సంగతి. "నీకేం తెలుసు" అన్నవాడితో మళ్లీ మాట్లాడాలంటే ఆయన కాదనలేని లెక్క మీ దగ్గర ఉండాలి. జాలి గురించి మాట్లాడితే గొడవవుతుంది, బరువు గురించి మాట్లాడితే వింటారు.

ఆ ఎడ్లు గట్టు దగ్గర ఎందుకు ఆగిపోతున్నాయో చూడండి. ఎద్దు రోజంతా నిలకడగా లాగగలిగేది తన ఒంటి బరువులో సుమారు పదో వంతు. మూడేసి వందల కిలోల ఎడ్ల జత అంటే 60 కిలోల లాగుడు. టైరు బండి, మీదున్న ఇసుక కలిపి 1800 కిలోలు అనుకుందాం. గట్టి తారురోడ్డు మీద దాన్ని కదిలించడానికి అందులో నూటికి మూడు వంతులు, అంటే 54 కిలోల లాగుడు చాలు. ఎడ్లు హాయిగా నడుస్తాయి. అదే బండి పొడి ఇసుకలో దిగబడితే నూటికి 20 వంతులు కావాలి, 360 కిలోలు. ఆ ఇసుకలోనే పది అడుగులకు ఒక అడుగు లేచే ఎక్కుడు మొదలైతే ఇంకో 180 కిలోలు. మొత్తం 540. అంటే ఆ గట్టు మీద ఆ రెండెడ్లూ దాదాపు తమ ఒంటి బరువంత లాగాలి. కొన్ని అడుగుల పాటు బిగబట్టి లాగుతాయి, ఆ తర్వాత ఒళ్లు సహకరించక ఆగుతాయి. మొండికేయడం కాదది. అప్పుడు ముల్లుకర్ర పొడిస్తే కండరాలకు కొత్త బలం రాదు. నొప్పికి ఒక్క ఊపు ఊపి మోకాళ్ల మీద పడతాయి. తోక మెలిపెడితే తోక ఎముకలు విరుగుతాయి, విరిగిన తోకతో ఈగలను కూడా తోలుకోలేదు.

ఇక బండి మీది బరువు. బండి తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించండి. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే 27 ఘనపుటడుగులు. పొడి ఇసుక ఘనపుటడుగుకు సుమారు 45 కిలోలు, కాబట్టి 1215 కిలోలు. నీళ్లు కారుతున్న ఇసుక 55 కిలోల దాకా తూగుతుంది, అప్పుడు అదే తొట్టి 1485 కిలోలు. అంచు దాటి కుప్ప పోస్తే మరో రెండు మూడు వందలు. ఏట్లోంచి తోడిన ఇసుకను ఒడ్డున ఒక పూట నీళ్లు ఓడ్చనిచ్చి ఎత్తితే చాలు, మేస్త్రికి పోయే ఇసుక గంపెడు కూడా తగ్గకుండా ఎడ్ల మీద చెప్పుకోదగ్గ బరువు దిగుతుంది. మామతో ఇంకేమీ ఒప్పించలేకపోయినా ఈ ఒక్కటి ఒప్పించండి, ఆయనకు దీనివల్ల పైసా నష్టం లేదు.

చట్టం చెప్పే హద్దులూ తెలిసి ఉండాలి. బండి లాగే, బరువు మోసే పశువుల కోసం 1965లో కేంద్రం నిబంధనలు చేసింది. రెండు చక్రాల టైరు బండికి ఒక్కో చిన్న ఎద్దుకు 750 కిలోలు, మధ్యరకానికి 1050, పెద్దదానికి 1350. టైర్లు లేని బండికి వరసగా 500, 700, 900. జత కడితే రెట్టింపు. 200 కిలోల లోపుది చిన్న ఎద్దు, 350 దాటితే పెద్దది, నడిమిది మధ్యరకం. ఎద్దు బరువు తెలియాలంటే కాటా అక్కర్లేదు, దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోండి, దాన్ని దానితోనే గుణించండి. భుజం ముందు ఎముక నుంచి పిర్ర చివరి ఎముక దాకా పొడవుతో మళ్లీ గుణించి 660తో భాగించండి. 65 అంగుళాల చుట్టుకొలత, 50 అంగుళాల పొడవు ఉన్న ఎద్దు సుమారు 320 కిలోలు. బక్కచిక్కిన ఎడ్లు చూపుకు పెద్దవిగా ఉన్నా ఈ లెక్కలో కింది రకంలోకి జారిపోవచ్చు.

అవే నిబంధనల ప్రకారం రోజు మొత్తం మీద 9 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా వరసగా 5 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటిన చోట పగలు 12 నుంచి 3 దాకా బండి కట్టనే కూడదు. రామగుండం, మంచిర్యాల ఎండలు తెలిసినవాళ్లకు దీని అర్థం తెలుసు. వేసవిలో చాలా రోజులు మిట్టమధ్యాహ్నం ఆ గట్టు మీద ఒక్క బండి కూడా ఉండకూడదు. మేకు దిగ్గొట్టిన ముల్లుకర్ర, ముళ్లూ బొడిపెలూ ఉన్న కాడి పూర్తిగా నిషేధం. కిలోమీటరుకు తగ్గకుండా సాగే, పదడుగులకు అడుగు మించి లేచే ఎక్కుడైతే బరువు సగానికి తగ్గించాలి. మీ ఏటి గట్టు అంత పొడవుండదు కనుక ఆ మాట అక్షరాలా వర్తించదు. కానీ ఎద్దు ఒంటికి లెక్క అదే. సగం బండితో గట్టు ఎక్కించి, మిగతాది పైన నింపుకోవచ్చు. లేదా గట్టు దగ్గర ఇంకో జతను ముందు కట్టి లాగించవచ్చు. చక్రాల దారిలో తాటిమట్టలు, పాత రేకులు పరిస్తే దిగబడడం చాలావరకు తగ్గుతుంది. ఇవన్నీ పాతకాలపు బండ్లవాళ్లకు తెలిసినవే. ఖేపుకు (ఒక్కో బండి తోలకానికి) ఇంత అని డబ్బులిచ్చే పద్ధతి వచ్చాక వదిలేశారు.

మాటలో మాట. మీ దగ్గర్లో ఇటుక బట్టీలుంటే గాడిదల్ని కూడా చూడండి. గాడిద వీపు మీద 50 కిలోలకు మించకూడదు. ఇటుక మూడు కిలోల లెక్కన 16 ఇటుకలు. లెక్కపెట్టి చూడండి చాలు.

పుండు సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే అది ఊరికే పడదు. దాపటెద్దుకే పుండు పడి కుడివైపు వలపటిదానికి పడలేదంటే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి. ఎడ్ల ఎత్తులో తేడా ఉంటే కాడి పొట్టిదాని మీదికి వాలుతుంది. కాడిమాను అరిగి అంచు తేలితే, లేదా పాత తాడు ముడి మెడకు తగులుతుంటే రోజంతా ఒకే చోట రాస్తుంది. ఇసుక బండి ముందు భాగంలో ఎక్కువ పోస్తే బరువంతా నొగల (బండి నుంచి కాడి దాకా వచ్చే కర్రల) మీంచి మెడ మీదికి దిగుతుంది. బండి నింపాక, ఎడ్లను కట్టకముందు, నొగల కొస పట్టుకుని ఎత్తి చూడమనండి. ఒక మనిషి కాస్త బలంతో ఎత్తగలిగితే సరిపోయినట్టు. ఇద్దరు కావాలంటే ముందు బరువెక్కువ. ఎత్తకముందే నొగలు పైకి లేస్తుంటే వెనక ఎక్కువైనట్టు, అప్పుడు గొంతు కింది పట్టెడ ఊపిరి బిగిస్తుంది.

పుండున్నంత కాలం ఆ మెడ మీద కాడి పడకూడదు. దీనికి మధ్యేమార్గం లేదు. గోనెపట్టా చుట్టి కట్టడం, దూది పెట్టి కట్టడం వల్ల చీము లోపలికి పోతుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో రెండు చెంచాల ఉప్పు కలిపి, ఆ నీళ్లతో రోజుకు రెండుసార్లు కడగాలి. గుడ్డతో రుద్దకుండా పైనుంచి పోయాలి. పుండు చుట్టూ వెంట్రుకల మీద వేపనూనె రాస్తే ఈగలు వాలవు. కిరసనాయిలు, బ్యాటరీ నీళ్లు, బండి ఇంజను ఆయిలు, పసుపు కారం కలిపిన ముద్ద, ఇవన్నీ పల్లెల్లో వాడుతున్నవే. ప్రతి ఒక్కటీ కొత్తగా వస్తున్న చర్మాన్ని కాల్చేస్తుంది. పురుగులు పడితే, దుర్వాసన వస్తే, మూపురం దాకా వాపు పాకితే ఇంటి వైద్యం మానేసి పశువైద్యుణ్ణి పిలవాలి. 1962కు ఫోన్ చేస్తే పగటిపూట సంచార పశువైద్య వాహనం ఊళ్లోకే వస్తుంది. అరచేయంత పుండు మానడానికి మూడు వారాలకు తక్కువ పట్టదు. పొక్కు ఊడి, చర్మం మూసుకుని, వెంట్రుక మొలిచాకే కాడి.

మూడు వారాలు బండి ఆగితే ఇల్లెలా నడుస్తుందని మామ అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చేతిలో పెట్టుకునే వెళ్లండి. అన్నిటికన్నా ముందు, నలుగురిలో అడగకండి. పొద్దున్నే ఎడ్లకు గడ్డేసే వేళ, ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లండి. "మామా, దాపటెద్దు మెడ కమిలింది. డాక్టర్‌ను నేను పిలిపిస్తా, మందుల పైసలు నేనిస్తా. ఈ ఇరవై రోజులు వేరే ఎద్దును కిరాయికి చూద్దామా, లేకుంటే వలపటిదాన్ని ఇంకొకరి జతలో కట్టిద్దామా?" ఇలా అడిగితే ఆయనకు తప్పించుకోవాల్సిన అవసరం ఉండదు. పుండు మీద కాడి వేస్తే ఎద్దు నెల తర్వాత పూర్తిగా పనికిరాదని డాక్టరు నోట ఒక్కసారి వినిపిస్తే మీ పది మాటలకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

అసలు చిక్కు ఇసుక కొనేవాళ్ల దగ్గరుంది. ఖేపు ధర ఒకటే కనుక కుప్ప పోసిన బండికి గిరాకీ. ఒక్కరు తగ్గిస్తే ఆ ఖేపు పక్కవాడికి పోతుంది, కాబట్టి ఒక్క మామ మారితే లాభం లేదు. పది బండ్లవాళ్లనూ సర్పంచిని, ఒకరిద్దరు మేస్త్రులను కూర్చోబెట్టి, ప్రతి బండి తొట్టి లోపల పలక మీద తెల్లగీత గీయించండి. గీత దాటి పోయకూడదు, గీత దాకా ఉన్న బండికి పూర్తి ఖేపు ధర. గీత ఎక్కడ గీయాలో పైన చెప్పిన లెక్క చెబుతుంది. అందరికీ ఒకే గీత కనుక ఎవరికీ నష్టం రాదు. ఇది కోర్టు చేయలేని పని.

ఏదో ఒక రోజు ఎద్దు మీ కళ్లముందే కూలిపోవచ్చు. అప్పుడు కొట్టొద్దని అరవడం కన్నా "ముందు కాడి విప్పండి" అని అరవండి. బండి నొగల కింద ఊతకర్ర పెట్టి, కాడి, పట్టెడ, చిక్కం అన్నీ తీసేయాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. రొప్పుతున్న పశువుకు పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీళ్లు మెడ మీద, కాళ్ల మీద, పొట్ట మీద పోయండి, లేచాక తనంతట తాను తాగనివ్వండి. పక్కకు వాలి పడుకుంటే గడ్డిమూటలు ఆనించి ఛాతీ మీద నిలబెట్టండి, లేదంటే కడుపులో గాలి చేరి ఉబ్బుతుంది. తారురోడ్డు కాలుతుంటుంది, ఒంటి కింద తడి గోనెలు తోయండి. అరగంట నీడలో ఉన్నా రొప్పు తగ్గకపోతే, నాలుక వేలాడేసి నురగ కారుతుంటే అది వడదెబ్బ. వెంటనే డాక్టరు రావాలి.

మాటలు పనిచేయకపోతే ఫిర్యాదు. దాని బలమూ బలహీనతా రెండూ తెలుసుకోండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద ఎక్కువ బరువు వేయడం, కొట్టడం, పుండున్న పశువుతో పని చేయించడం నేరాలే. కానీ మొదటిసారి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు, అంతే. 1960లో రాసిన అంకె ఇంకా మారలేదు. ఇది సిగ్గుపడాల్సిన విషయమని మొహమాటం లేకుండా అంటాం. పైగా వీటిలో చాలావాటికి మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు, అందుకే స్టేషన్‌లో "ఇది మా పరిధి కాదు" అనే మాట వినిపిస్తుంది. కాబట్టి జరిమానా కోసం అడగకండి. అదే చట్టం 34వ సెక్షన్ ప్రకారం కానిస్టేబుల్ పైస్థాయి పోలీసు అధికారి ఆ పశువును స్వాధీనం చేసుకుని పశువైద్యుడితో పరీక్ష చేయించవచ్చు. 1965 నిబంధనల కింద బండిని వే బ్రిడ్జికి తోలించి తూకం వేయించవచ్చు. ఫిర్యాదులో ఈ రెండే అడగండి: పరీక్ష, తూకం. డాక్టరు "పనికి పనికిరాదు" అని రాసిన కాగితం ఎద్దుకు దొరికే నిజమైన సెలవు. ఎద్దును చంపినా, కాలు విరగ్గొట్టి, కన్ను పొడిచి పనికిరాకుండా చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ వర్తిస్తుంది. ఐదేళ్ల దాకా జైలు, పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టాల్సిన నేరం. 11వ సెక్షన్ నేరానికి మూడు నెలల్లోపే కేసు నడపాలని చట్టంలో గడువుంది. ఆలోచిస్తూ కూర్చుంటే ఆ గడువు మీ చేతుల్లోనే అయిపోతుంది.

ఫిర్యాదు అరపేజీ దాటొద్దు. "ఫలానా తేదీన ఉదయం 10.40కి, ఫలానా రేవు గట్టు మీద, ఇసుక నింపిన టైరు బండికి కట్టిన రెండు తెల్ల ఎడ్లలో ఎడమవైపుదాని మెడ మీద సుమారు 4 అంగుళాల పచ్చి పుండు చూశాను. మేకున్న కర్రతో తొడ మీద ఆరుసార్లు పొడిచారు. పశువును వైద్యుడితో పరీక్ష చేయించి, బండిని తూకం వేయించాలని కోరుతున్నాను." ఇంతే. "రాక్షసులు", "కసాయివాళ్లు" లాంటి మాటలు రాస్తే చదివే అధికారి మీ కోపాన్ని చూస్తాడు, ఎద్దును చూడడు. ఒక కాపీ మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. ఇంకోటి జిల్లా పశుసంవర్ధక అధికారికి పంపండి.

ఇక తీగలు. ఇక్కడ మా స్వరం మారుతుంది, ఎందుకంటే ఇది మీ ప్రాణానికీ సంబంధించింది.

పంటకు అడవి పందులు పడితే రైతు ఏడుపు మాకు తెలుసు. కానీ చేని చుట్టూ కట్టే ఆ తీగకు పంది, దుప్పి, చిరుత, పులి, పక్కింటి బర్రె, తెల్లవారుజామున చేనికి నీళ్లు పెట్టబోయే మనిషి, అందరూ ఒకటే. మహారాష్ట్రలోని తాడోబా అడవి నుంచి కాగజ్‌నగర్ మీదుగా కవ్వాల్ పులుల అభయారణ్యం వైపు పులులు నడిచే దారి మీ జిల్లాల మీంచే. కొందరు మోటారు స్టార్టర్ నుంచి కరెంటు తీస్తారు, కొందరు ఏకంగా 11 కేవీ (పదకొండు వేల వోల్టుల) లైనుకు కొక్కెం వేస్తారు. సోలార్ కంచె కూడా కరెంటే కదా అని మీతో వాదిస్తారు. కంచె యంత్రం సెకనుకు ఒకసారి, సెకనులో వెయ్యో వంతుల్లో ముగిసిపోయే చిన్న దెబ్బ ఇస్తుంది. జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది. లైను కరెంటు ఆగకుండా పారుతుంది, కండరాలు బిగుసుకుపోయి తీగను వదల్లేదు, గుండె లయ తప్పి ఆగిపోతుంది.

గుర్తులు ఇవి. గట్టు వెంట మోకాలు ఎత్తున కొత్తగా పాతిన చిన్న గూటాలు. వాటి మీద సీసా మూతిగానీ, పీవీసీ పైపు ముక్కగానీ, సైకిల్ ట్యూబు చుట్టగానీ ఉండి, పైన నున్నటి జీఐ తీగ. కొన్నిచోట్ల ముళ్లకంప కంచెలో కావాలని వదిలిన సందు, ఆ సందులో మోటార్‌సైకిల్ క్లచ్ వైరుతో కట్టిన ఉచ్చు. ఇంకొన్నిచోట్ల పిండిముద్దలోనో పేగుల్లోనో చుట్టిన నాటుబాంబులు, వాటిని కొరికిన పంది, కుక్క, లేగదూడ దవడ ఎగిరిపోతుంది. ఏదైనా ముద్ద కనిపిస్తే కాలితో కూడా కదపకండి. తీగకు పది మీటర్లు తగ్గకుండా ఎడం ఉండండి, నేల తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. పగలు కరెంటు ఉండదులే అనుకోకండి. ఎండు కర్రతో తీగను తోద్దామనుకోకండి. తోడు లేకుండా రాత్రి అటు పోవద్దు.

మీరు చేయాల్సింది చూసి, రాసుకుని, చెప్పడం. దూరం నుంచి మూడు ఫొటోలు: గట్టు, చెట్టు, బావి లాంటి గుర్తు పడేలా ఒకటి, గూటాల వరస కనిపించేలా ఒకటి, జూమ్ చేసి తీగ కనిపించేలా ఒకటి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీయండి. మామూలుగా వాట్సాప్‌లో పంపితే ఫొటోలోని తేదీ, చోటు వివరాలు పోతాయి, 'డాక్యుమెంట్'గా పంపండి. అసలు ఫైలు ఫోన్‌లోంచి చెరపకండి. అవసరమైతే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రంతో అది కోర్టుకు వెళ్తుంది. ఊరి గ్రూపులో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. పెట్టిన గంటలో సాక్ష్యం పోతుంది, మీ పేరు బయటపడుతుంది.

చెప్పాల్సింది రేంజ్ ఆఫీసర్‌కు. బీట్ స్థాయిలో, అంటే కింది సిబ్బంది దగ్గర, మాట బయటికి పొక్కుతుందని అనుమానముంటే నేరుగా డీఎఫ్ఓకు (జిల్లా అటవీ అధికారికి). ఫోన్‌లో చెప్పినా చాలు. "సమాచారం ఇస్తున్నాను, ఫిర్యాదుదారుగా నా పేరు రాయొద్దు" అని మొదటే చెప్పండి. వన్యప్రాణి నేరంలో కేసు కట్టేది అటవీ శాఖే, మీ సంతకం లేకుండానే వాళ్లు వచ్చి చూసి నమోదు చేయగలరు. మీరు చెప్పింది పగలు అయితే రాత్రికి కాపు కాస్తారు, తీగకు కరెంటు కలుపుతున్నప్పుడు దొరికితే కేసు గట్టిగా నిలుస్తుంది. అదే సమయంలో విద్యుత్తు ఫిర్యాదుల నంబరు 1912కు విద్యుత్తు దొంగతనమని కూడా చెప్పండి, అది 2003 విద్యుత్తు చట్టం 135వ సెక్షన్ కింద వేరే నేరం. చాలామందికి తోచని సాక్ష్యం ఒకటుంది. 11 కేవీ తీగకు జంతువు తగిలితే తరచూ ఫీడర్ ట్రిప్ అవుతుంది, అంటే ఆ లైనుకు కరెంటు దానంతటదే ఆగిపోతుంది, ఆ సమయం సబ్‌స్టేషన్ లాగ్ బుక్కులో రాసి ఉంటుంది. "ఫలానా రాత్రి ఒంటిగంటకు మా ఊరికి కరెంటు పోయి వచ్చింది" అని మీరు చెప్పగలిగితే అధికారులకు అదొక పెద్ద ఆధారం.

దుప్పి కూర సంగతి విన్నదే కాబట్టి విన్నట్టుగానే చెప్పండి, ఎవరి పేర్లూ ఊహించి చెప్పకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉచ్చు పన్నడం కూడా వేట కిందికే వస్తుంది, మాంసం దగ్గర ఉండడం కూడా నేరమే. పులి, చిరుత, ఎలుగు లాంటి మొదటి షెడ్యూల్ జంతువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. దసరా రోజు కాళ్లు కట్టేసి పంజరంలో పెట్టి దర్శనానికి తెచ్చే పాలపిట్ట కూడా ఈ చట్టం కాపాడే పిట్టే. రాష్ట్ర పక్షి అని గౌరవించే చోటే దాని రెక్కలకు జిగురు పూస్తున్నారు, ఆ రోజు కూడా ఇదే ఫోన్ చేయొచ్చు.

ఒకవేళ ఉచ్చులో బతికున్న జంతువు కనిపిస్తే దగ్గరికి పోకండి, జనాన్ని పోనివ్వకండి. దుప్పికి భయమే చంపుతుంది. పెనుగులాటకు కండరాలు లోపల్లోపల చితికి, విడిపించిన రెండు మూడు రోజులకు కూడా చచ్చిపోతుంది. కుక్కల్ని కట్టేసి, మాటలు ఆపి, వంద మీటర్ల వెనక్కి తీసుకెళ్లండి. చిరుతైతే బిగించిన వైరు ఏ క్షణమైనా తెగవచ్చు. మనిషికి దెబ్బ తగిలితే 112.

ఊళ్లో ఉండగలరా అన్నారు. చెప్పింది మీరని ఎవరికీ తెలియకపోతే ఉండగలరు, అందుకే ఇంత జాగ్రత్త చెబుతున్నాం. దాంతోపాటు రైతుల పక్షాన కూడా నిలబడండి. పంట నష్టమైన రైతును చేను ఇంకా అలాగే ఉన్నప్పుడే ఫొటోలు తీయించి, వ్యవసాయ అధికారితో అంచనా వేయించి, రేంజ్ ఆఫీసులో పరిహారానికి దరఖాస్తు పెట్టించండి. మక్క చుట్టూ నాలుగు వరసలు ఒత్తుగా ఆముదం, పల్లి చుట్టూ నాలుగు వరసలు కుసుమ వేయించండి. ఆముదం వాసన పందికి కంకి వాసన అందనివ్వదు, కుసుమ ముళ్లు దాన్ని లోపలికి రానివ్వవు. పందులు దిగేది కంకి పాలు పోసుకునే దశలో. తీగలు లేచేదీ అప్పుడే. వానాకాలం మక్కకు అది ఆగస్టు చివర, సెప్టెంబరు. యాసంగి మక్కకు జనవరి, ఫిబ్రవరి. ఆ నెలలకు రెండు వారాల ముందే రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి, మీ శివారులో గస్తీ పెట్టమనండి.